‘మోడిస్ట్’ అంటే దర్జీయేనా? పాత వృత్తి పేర్లను తెలుగులోకి తెచ్చే పాఠం

ఎవరికి: పదేళ్ళు దాటిన, తెలుగు వాక్యాలు సొంతంగా రాయగలిగే పిల్లలకు
సమయం: ఒక తరగతి, సుమారు 45 నిమిషాలు
కావలసినవి: బోర్డు, నోటు పుస్తకాలు, వీలైతే ఎవరింటి నుంచైనా ఒక ఆది జాకెట్టు



మన పిల్లలు పగటి బడిలో చదివిన సంగతుల్ని ఆదివారం మన బడిలో తెలుగులో చెప్పమంటే ఎక్కడ తడబడతారో మీరు గమనించే ఉంటారు. చెట్టు, నది, యుద్ధం లాంటి మాటలతో ఇబ్బంది లేదు. ఒక మనిషి చేసే పనికి ఉన్న పేరు వచ్చేసరికి ఆగిపోతారు. అందులోనూ అది పాతకాలపు పేరైతే, పైగా ఫ్రెంచి మాటైతే, మనకూ వెంటనే తోచదు. అప్పుడు ఫోన్‌లో నొక్కితే వచ్చిన మొదటి మాటే వాళ్ళ నోటు పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఈ పాఠానికి అలాంటి ఒక్క మాటే తీసుకుందాం: ‘మోడిస్ట్’. ఈ మాటతో గుర్తుండిపోయిన ఒక అమెరికన్ మహిళ ఉన్నారు. ఆవిడ పేరు ఎలిజబెత్ కెక్లీ. అంతర్యుద్ధం గురించి చదివేటప్పుడు చాలామంది పిల్లలు ఆవిడ పేరు వినే ఉంటారు.

ముందు మనం తెలుసుకోవలసిన కథ

కెక్లీ 1818లో వర్జీనియాలో బానిసత్వంలో పుట్టారు. సూదిపని తల్లి దగ్గర నేర్చుకున్నారు. తర్వాత యజమాని కుటుంబంతో పాటు సెయింట్ లూయిస్ వెళ్ళవలసి వచ్చింది. అక్కడ తన కుట్టుపని సంపాదనతో ఆ ఇంట్లో 17 మందిని రెండేళ్ళకు పైగా పోషించానని ఆవిడే రాసుకున్నారు. 1855లో 1,200 డాలర్లు కట్టి తనకూ తన కొడుక్కూ స్వేచ్ఛ కొనుక్కున్నారు. ఆ డబ్బు ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు సర్దితే, తర్వాత పని చేసి తీర్చేశారు.

1860లో వాషింగ్టన్ చేరారు. 1861లో అబ్రహాం లింకన్ అధ్యక్షుడయ్యాక ఆయన భార్య మేరీ లింకన్‌కు గౌన్లు తయారుచేసే పని ఆవిడకు దక్కింది. ఒక దశలో ఆవిడ కింద 20 మంది దాకా కుట్టుపనివాళ్ళు ఉండేవారు. 1862లో, బానిసత్వం నుంచి తప్పించుకుని వాషింగ్టన్ చేరిన నిరాశ్రయుల కోసం ఒక సహాయ సంఘం పెట్టారు. 1868లో తన జీవితం గురించి పుస్తకం వేశారు. ముసలితనంలో ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1907లో కన్నుమూశారు.

ఆ పుస్తకం మొదటి పేజీలో ఆవిడ పేరుతో పాటు మూడు పరిచయాలు కనిపిస్తాయి. ఒకటి పాత బానిసత్వం గురించి, ఒకటి వృత్తి గురించి, ఒకటి మేరీ లింకన్‌తో స్నేహం గురించి. ఆ వృత్తి దగ్గర ఉన్న మాటే ‘మోడిస్ట్’. మొదటిది ఇతరులు ఆవిడ మీద వేసిన ముద్ర. ఈ రెండోది ఆవిడ సంపాదించుకున్న హోదా. మనం తెలుగులోకి తేవలసింది ఆ హోదాను. ‘బట్టలు కుట్టేది’ అని రాసేస్తే ఆవిడ జీవితమంతా కష్టపడి సంపాదించుకున్నది మన వాక్యంలో పోతుంది.

ఆ ఫ్రెంచి మాట ఎక్కడిది?

ఫ్రెంచిలో ‘మోడ్’ అంటే ఫ్యాషన్. దాని నుంచి వచ్చిందే ‘మోడిస్ట్’. ఫ్రాన్సులో ఈ పేరు చివరికి ఆడవాళ్ళ టోపీలు తయారుచేసేవాళ్ళకు స్థిరపడింది. ఇంగ్లీషులోకి వచ్చాక మాత్రం, సంపన్న స్త్రీలకు కొత్త ఫ్యాషన్ దుస్తులు తయారుచేసే ఆవిడ అనే అర్థంలో వాడారు. కాబట్టి ఫ్రెంచి నిఘంటువు చూసి ‘టోపీలు చేసే ఆవిడ’ అని రాస్తే కెక్లీ విషయంలో తప్పవుతుంది. మాట ఏ భాషలో పుట్టిందన్నదే కాదు, ఏ ఊళ్ళో, ఏ కాలంలో, ఎవరి గురించి వాడారన్నదీ చూడాలని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇంకో సంగతి పిల్లలకు సరదాగా ఉంటుంది. మనం రోజూ వాడే ‘టైలర్’ కూడా మూలంలో ఫ్రెంచి మాటే. కత్తిరించడం అనే క్రియ నుంచి వచ్చింది. ‘బొటీక్’ కూడా అంతే, ఫ్రెంచిలో దానికి అర్థం దుకాణం. ‘దర్జీ’ పారశీకం నుంచి మనకు వచ్చింది. అంటే కుట్టుపని మాటలు మన దగ్గరికి చాలా దేశాలు తిరిగి వచ్చాయన్నమాట.

తెలుగులో మన చేతిలో ఉన్న మాటలు

బోర్డు మీద ఈ మాటలన్నీ రాయండి. ఒక్కొక్కటి ఎంతవరకు సరిపోతుందో పిల్లలతోనే చెప్పించండి.

*దర్జీ, టైలర్:* అందరికీ తెలిసిన మాటలు. కానీ ‘దర్జీ’ అనగానే మన కళ్ళ ముందు మగమనిషి కనిపిస్తాడు. ఇంటికి దగ్గర్లోని చిన్న కొట్టు కనిపిస్తుంది. కెక్లీ పని స్థాయి అందులో కనిపించదు.

*కుట్టుపని చేసే ఆవిడ:* తేట తెలుగు. అయితే కుట్టడం ఒక్కటే చెబుతుంది. కొలతలు, కత్తిరింపు, నమూనా, కొట్టు నడపడం ఇవేవీ చెప్పదు. ‘మిషను కుట్టే ఆవిడ’ అసలు వద్దు. ఎలియాస్ హోవే కుట్టుమిషనుకు పేటెంటు పొందింది 1846లో. అప్పటికి కెక్లీకి 28 ఏళ్ళు. ఆవిడ పని నేర్చుకున్నది చేతిసూదితో.

*మేర:* తెలంగాణలో కుట్టుపని వృత్తిగా ఉన్న ఒక సామాజిక వర్గం పేరు. నిఘంటువులో దర్జీ అని కనబడినా ఇక్కడ వాడకూడదు. మన పాత వృత్తి పేర్లలో చాలావాటికి పుట్టుకతో ముడి ఉంది. వేరే దేశపు మనిషికి ఆ పేరు పెడితే లేని కులాన్ని అంటగట్టినట్టవుతుంది. పిల్లలు ‘ఎందుకు వద్దు?’ అని అడిగితే దాటవేయకండి. మన దగ్గర పని పేరూ కులం పేరూ చాలాకాలం ఒకటిగా నడిచాయనీ, అందువల్ల మనుషులు అవమానాలు పడ్డారనీ సూటిగా చెప్పండి. బానిసత్వం గురించి చదువుకున్న పిల్లలకు ఇది అర్థమవుతుంది.

*మాస్టర్:* మన టైలరు కొట్టుల్లో కొలతలు తీసి గుడ్డ కత్తిరించే పెద్ద పనివాడిని ఇలాగే పిలుస్తారు. నైపుణ్యానికి ఇచ్చే గౌరవం ఇందులో ఉంది. కానీ మన పిల్లలకు మాస్టారంటే మీరే గుర్తొస్తారు!

*బొటీక్ నడిపే ఆవిడ:* ఈనాటి జీవితంలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఇదే. నోటితో వివరించేటప్పుడు వాడండి. 1860ల కథలో రాస్తే మాత్రం కాలం కుదరదు. ‘ఫ్యాషన్ డిజైనర్’కూ ఇదే చిక్కు.

నా సలహా ఇది. మొదటిసారి ‘మోడిస్ట్’ అనే మాటను అలాగే ఉంచి, పక్కనే తెలుగులో ఒక వివరణ ఇవ్వాలి: *సంపన్న స్త్రీలకు కొత్త తీరు దుస్తులు కొలిచి, కత్తిరించి, ఒంటికి అతికినట్టు తయారుచేసే నిపుణురాలు.* ఆ తర్వాత ‘మోడిస్ట్’ అన్నా, ‘కెక్లీ గారు’ అన్నా చాలు. వివరణ పొడవుగా ఉందని కంగారు పడొద్దు. ఒక్కసారే కదా చెప్పేది.

పేరు కన్నా ముందు క్రియ చూడండి

ఇక్కడ తెలుగు మనకు ఇంగ్లీషు కన్నా ఎక్కువ సాయం చేస్తుంది. ‘కుట్టు’ అనే ఒక్క ధాతువుతో ముగ్గురు మనుషుల్ని విడదీసి చూపించవచ్చు.

1. పనివాళ్ళు గౌను కుట్టారు.
2. కెక్లీ గారు పనివాళ్ళ చేత గౌను కుట్టించారు.
3. మేరీ లింకన్ గారు కెక్లీ గారి దగ్గర గౌను కుట్టించుకున్నారు.

మాట్లాడేటప్పుడు మనం ‘దర్జీ దగ్గర జాకెట్టు కుట్టించాను’ అని కూడా అంటాం కాబట్టి, రెండో వాక్యంలో ‘పనివాళ్ళ చేత’ అన్నది వదలకూడదు. కెక్లీ స్వయంగా కుట్టేవారు, కుట్టించేవారు కూడా. ఆ రెండూ కలిస్తేనే మోడిస్ట్. ఈ మూడు వాక్యాలు సరిగ్గా రాయగలిగిన పిల్లలకు ప్రేరణ క్రియల పాఠం విడిగా చెప్పే పని సగం తగ్గుతుంది.

‘వచ్చింది’యా, ‘వచ్చారు’యా?

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. ఇంగ్లీషు వాక్యంలో మేరీ లింకన్‌కూ ఎలిజబెత్ కెక్లీకీ ఒకటే సర్వనామం, ఒకటే క్రియ. తెలుగులో రాసే పిల్లలు ఎంచుకోక తప్పదు. చాలాసార్లు వాళ్ళ వాక్యాలు ఇలా వస్తాయి: ‘మేరీ లింకన్ గారు గదిలోకి వచ్చారు. కెక్లీ గౌను తెచ్చింది.’ పిల్లలు కావాలని రాయరు. అధ్యక్షుడి భార్యకు ‘గారు’, పని చేసే మనిషికి ‘ఇంది’ అన్నది వాళ్ళు పెద్దల మాటల్లోంచి పట్టుకున్న అలవాటు.

ఎర్ర సిరాతో దిద్దేసి వదిలేయకండి. ‘ఇద్దరిలో ఒకరికే ఎందుకు గారు అన్నావు?’ అని అడగండి. జవాబు కోసం కాసేపు ఆగండి. తర్వాత ఈ సంగతి చెప్పండి: అధ్యక్షుడు లింకన్ ఆవిడను ‘మేడమ్ ఎలిజబెత్’ అని పిలిచేవారని కెక్లీ పుస్తకంలో ఉంది. నల్లజాతి స్త్రీలను చాలామంది ఒట్టి పేరుతో పిలిచిన కాలంలో అది చిన్న విషయం కాదు. ఆ ‘మేడమ్’కు మన ‘గారు’ సరిగ్గా సరిపోతుంది.

ఇంకో మాట. అమెరికా బడుల్లో ఇప్పుడు ‘బానిస’ అని మనిషిని పిలవకుండా, బానిసత్వంలోకి నెట్టబడిన మనిషి అనే అర్థం వచ్చేలా నేర్పుతున్నారు. తెలుగులో ‘ఆవిడ ఒక బానిస’ అనే బదులు ‘ఆవిడను బానిసత్వంలో ఉంచారు’ అని రాయించండి. తప్పు ఎవరిదో వాక్యమే చెబుతుంది.

తరగతిలో ఎలా నడపాలి

*మొదటి 10 నిమిషాలు:* కెక్లీ కథను మీ మాటల్లో చెప్పండి. ‘మోడిస్ట్’ అని మాత్రం అనండి, అర్థం చెప్పకండి.

*తర్వాతి 10 నిమిషాలు:* ఆవిడ చేసిన పనులన్నీ క్రియలుగా బోర్డు మీద రాయించండి: కొలిచారు, కత్తిరించారు, కుట్టారు, కుట్టించారు, ధర మాట్లాడారు, జీతాలిచ్చారు. ఇక్కడ ఆది జాకెట్టు చూపించండి. ఇండియా వెళ్ళేవాళ్ళ పెట్టెలో అమ్మ ఆది జాకెట్టు పెట్టి పంపడం చాలామంది పిల్లలు చూసే ఉంటారు. మనిషి ఎదురుగా లేకపోయినా కొలత తెలిపేది అదే. ఇక్కడ క్రియల జాబితా మన ఆది. ఏ పేరు పెట్టినా దానికి సరిపోవాలి.

*తర్వాతి 15 నిమిషాలు:* ఇద్దరిద్దరుగా కూర్చుని పైన ఇచ్చిన తెలుగు మాటలను ఆ జాబితాతో సరిచూసి, తమకు నచ్చింది ఎంచుకుని మూడు వాక్యాలు రాయాలి. వేరువేరు జవాబులు వస్తే రానివ్వండి. కారణం చెప్పగలగాలి, అంతే.

*చివరి 10 నిమిషాలు:* చదివి వినిపించడం. ‘గారు’ ఎక్కడ పెట్టారో, ఎక్కడ మరిచారో పిల్లలే ఒకరికొకరు చెప్పుకోవాలి.

సమయం మిగిలితే ఇంకో ఫ్రెంచి పేరు ఇవ్వండి. పారిస్‌లోని పెద్ద దుస్తుల సంస్థల్లో చేతిపని చేసేవాళ్ళను ‘చిన్న చేతులు’ అనే అర్థం వచ్చేలా ‘పెతీత్ మేఁ’ అంటారు. మాటకు మాట అనువదిస్తే తెలుగులో పసిపిల్లల చేతులు గుర్తొస్తాయి. నిజానికి వాళ్ళు ఏళ్ళ తరబడి పని నేర్చినవాళ్ళు. ‘చెయ్యి తిరిగిన పనివాళ్ళు’ అంటే? చెయ్యి నిలిచింది, నైపుణ్యమూ నిలిచింది. ఇలాంటిది పిల్లలే కనిపెడితే వాళ్ళ ఆనందం చూడాలి.

తల్లిదండ్రులకు

ఈ వారం ఇంటిపని ఒక్కటే. మీ కుటుంబంలో చేతిపని తెలిసినవాళ్ళు ఒకరుంటారు. కుట్టుపని, నేత, వడ్రంగం, వంట ఏదైనా సరే. పిల్లలతో వీడియో కాల్ చేయించి మూడు ప్రశ్నలు అడిగించండి: మీరు ఏమేం చేసేవారు? ఊళ్ళో మిమ్మల్ని ఏమని పిలిచేవారు? మీకు ఏమని పిలిపించుకోవడం ఇష్టం? రెండో జవాబూ మూడో జవాబూ ఒకటి కాకపోవచ్చు. కాజా, గుండీ, మాసిక, అతుకు, కుచ్చిళ్ళు లాంటి మాటలు దొర్లితే రాసుకోమనండి.

వాషింగ్టన్ వైపు వెళ్ళే కుటుంబాలకు ఒక సూచన. కెక్లీ తయారుచేసినదని భావించే మేరీ లింకన్ ఊదారంగు వెల్వెట్ గౌను స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. దాని ఫోటో ఇంటర్నెట్‌లోనూ దొరుకుతుంది. తరగతికి ముందు పిల్లలకు చూపించండి.

నమూనా పేరా (దిద్దేటప్పుడు పోల్చుకోవడానికి)

ఎలిజబెత్ కెక్లీ గారు వర్జీనియాలో పుట్టారు. ఆవిడను చిన్నప్పటి నుంచి బానిసత్వంలో ఉంచారు. ఆవిడ తన పనితోనే స్వేచ్ఛ సంపాదించుకుని వాషింగ్టన్‌లో మోడిస్ట్ అయ్యారు. మోడిస్ట్ అంటే సంపన్న స్త్రీలకు కొత్త తీరు దుస్తులు కొలిచి, కత్తిరించి, ఒంటికి అతికినట్టు తయారుచేసే నిపుణురాలు. మేరీ లింకన్ గారు ఆవిడ దగ్గర గౌన్లు కుట్టించుకున్నారు. కెక్లీ గారు కొన్ని స్వయంగా కుట్టారు, కొన్ని తన దగ్గర పనిచేసేవాళ్ళ చేత కుట్టించారు.

పిల్లల పేరా దీనిలాగే ఉండాలని లేదు. ఇద్దరికీ ‘గారు’ ఉందా, మూడు క్రియలూ ముగ్గురికి సరిగ్గా అమరాయా అన్నవి మాత్రం చూడండి.