తప్పు లాక్టిక్ యాసిడ్‌ది కాదు

చంపాపేట్ నుంచి సరూర్‌నగర్ స్టేడియం దాకా, పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కి తయారయ్యే పిల్లలకి సీనియర్లు చెప్పే వైద్యం ఒకటే: "కాళ్ళు నొస్తున్నయా? లాక్టిక్ యాసిడ్ పేరుకుంది. మల్ల ఉరుకు, కరిగిపోతది." ఇది నమ్మి కుంటుతూనే రౌండ్లు కొడితే కరిగేది యాసిడ్ కాదు, చిట్లేది కాలి ఎముక. ఏళ్ళు ఎదురుచూసిన నోటిఫికేషనూ దాంతోపాటే పోతుంది.

కరగడానికి అదక్కడ ఉంటే కదా! పరుగు ఆపాక గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం) మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య. ఊరొదిలి వెళ్ళినవాడి మీద మూడోనాటి దొంగతనం కేసు పెట్టినట్టుంది వ్యవహారం. గుట్ట ఎక్కేటప్పుడే లాక్టేట్ ఎక్కువ పుడుతుంది. మర్నాడు తొడలు పట్టేసేది మాత్రం దిగినందుకు. సాగుతూ బరువు ఆపుకునే కండపోగుల్లో పడే సన్నని చీలికలూ, వాటి వాపూ ఆ నొప్పికి మూలం.

అసలు లాక్టేట్ పుట్టేదెందుకంటే, గట్టిగా ఉరికేటప్పుడు కావలసినంత వేగంగా శక్తినివ్వడం ఆక్సిజన్ దారికి చేతకాదు. మొదటి పది సెకన్లూ కండలో నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటుంది. దాన్ని 1927లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. లాక్టిక్ యాసిడే కండని ముడుస్తుందన్న అప్పటి సిద్ధాంతానికి అక్కడే గండిపడింది. మన గ్రౌండ్లకి ఆ కబురింకా చేరలేదు. ఆ పది సెకన్ల తర్వాత గ్లూకోజ్ ఆక్సిజన్ లేకుండానే విరిగి లాక్టేట్‌గా మిగులుతుంది. దక్కేది రెండే ఏటీపీలు (కండ వాడుకునే శక్తి అణువులు), ఆక్సిజన్‌తో అయితే ముప్పై దాకా. కానీ ఆ రెండూ చప్పున వస్తాయి. ఆ లాక్టేట్‌ని గుండె ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం మళ్ళీ గ్లూకోజ్‌గా మారుస్తుంది.

పెరుగులో లాక్టిక్ యాసిడ్ ఉందని మానేసేవాళ్ళకి నమస్కారం. తినండి.

వంటసోడా తాగితే పరుగు మెరుగవుతుందన్న మాటని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి పెట్టిన 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్ల లాంటి పరుగుల్లో అది కొందరికి కాస్త పనికొస్తుంది. కండలో పేరుకునే ఆమ్లత్వాన్ని రక్తం మరికొంత తట్టుకుంటుంది, అంతే. కడుపు తిప్పడం, విరేచనాలు కూడా దాంతోనే వస్తాయి. బీపీ ఉన్నవాళ్ళు ముట్టుకోవద్దు, ఈవెంట్ రోజున తొలిసారి ఎవరూ తాగొద్దు.

ఒళ్ళంతా పట్టేస్తే రెండు రోజులు మెల్లగా నడవండి, నిద్రపోండి. ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పంటే పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం సీనియర్‌ని అడగొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి: చితికిన కండ కిడ్నీలని దెబ్బతీస్తుండొచ్చు.