క్షయరోగుల పట్టికలును వాని సత్యమును

దేశమున క్షయరోగు లెందఱని యడిగినచో ప్రభుత్వమువారొక సంఖ్యను చెప్పుదురు. ఆ సంఖ్య యెట్లు పుట్టునో మన విద్యార్థులు తెలిసికొనదగియున్నది. భారతదేశమున 2012వ సంవత్సరము మే నెలలో, క్షయరోగిని కనుగొనిన ప్రతి వైద్యుడును, సర్కారు వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను, ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపవలయునని ఉత్తరువైనది. ఆ యేటనే ‘నిక్షయ్’ అను కంప్యూటరు పట్టిక యేర్పడెను. పేరు మంచిదే. కాని అందు చేరినవారెల్లరు నిజముగా క్షయరోగులేనా? రోగులెల్లరు నందు చేరిరా?

1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్ట్ కోకు పండితుడు ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించెను. తెమడను గాజుపలకపై పూసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినితో చూచినచో అవి నీలివర్ణము నడుమ ఎఱ్ఱని సన్నని కడ్డీలవలె కనబడును. కంట చూచినది గనుక నిశ్చయమని తోచును. అయితే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 10,000 జీవులున్నగాని యీ పద్ధతికి సాధారణముగా చిక్కవు. అంతకు తక్కువ యున్నవాడు రోగియయ్యును పట్టికకెక్కడు. తెమడకు మాఱు ఉమ్మి యిచ్చివచ్చినవాని గతియు నదియే. (లోతుగా ఊపిరి పీల్చి, ఱొమ్ములోనుండి దగ్గి తీసినదే తెమడ. తలిదండ్రు లిది గమనింతురుగాక.)

పసిబిడ్డలు తెమడను మ్రింగివేయుదురు. వారి విషయమున వైద్యుడు లక్షణములను, ఎక్స్‌రే చిత్రమును బట్టి నిర్ణయింపవలసియుండును. ఆ చిత్రమందలి నీడ క్షయ కావచ్చును, న్యుమోనియా కావచ్చును, మానిన పాతపుండు మచ్చయు కావచ్చును. ఒక్క చిత్రమునే యిద్దఱు వైద్యులు రెండువిధముల చెప్పుట కలదు. కావుననే పరీక్షలో జీవి ధ్రువపడినవారిని, వైద్యుని వివేచనచే నిర్ణయింపబడినవారిని పట్టికలో వేర్వేఱుగ వ్రాయుదురు. మా దృష్టిలో మొత్తముకన్న నీ విభాగమే విలువైనది.

ఇక నొక లెక్క. 1,000 మందిలో 10 మంది రోగులనుకొందము. ఒక పరీక్ష రోగులలో 9 మందిని పట్టును. ఆరోగ్యవంతులలో నూటికి 5 గురిని మాత్రమే పొరబాటున రోగులనును. వినుటకు చక్కని పరీక్షయే! కాని 990 మందిలో ఆ పొరబాటు సుమారు 50 మందికి తగులును. పట్టికలో 59 పేళ్లు చేరును. అందు నిజమైనవి 9. క్షయకై రక్తమునందలి ప్రతిరక్షక పదార్థములను వెదకు పరీక్షలు ఇంతకన్నను నమ్మరానివై, లేని రోగమును చూపుచు, ఉన్నదానిని విడుచుచుండెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో వానిని వాడవలదనెను; 2012 జూనులో భారత ప్రభుత్వము నిషేధించెను.

రోగము లేనివాడు ఆఱునెలలు మందులు మ్రింగును. వానిలో కొన్ని కాలేయమునకు కీడు చేయునవి. అతని అసలు జబ్బు చికిత్స లేక ముదురును. ఇంట పెండ్లికెదిగిన పిల్లయున్నచో ఇరుగుపొరుగు మాటల సంగతి చెప్పనేల? తప్పిపోయిన రోగి మాత్రము ఇంటిల్లిపాదిలో దగ్గుచునేయుండును.

ఇపుడు జీవియొక్క జన్యుపదార్థమును వెదకు యంత్రములు వచ్చినవి. 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదించిన యంత్రపరీక్ష సుమారు రెండు గంటలలో ఫలితము చెప్పును. సూక్ష్మదర్శినికి చిక్కని స్వల్పసంఖ్యను గూడ పట్టును. అయితే చచ్చిన జీవుల జన్యుపదార్థమును బ్రతికినవాని దానినుండి వేఱుపరుపజాలదు. చికిత్స ముగిసి నయమైనవానిలోను కొంతకాలము అది కనబడవచ్చును. అందుచేతనే “పూర్వ మీ మందులు తినియుంటిరా?” యని వైద్యులు మొదట నడుగుదురు. సిగ్గుచే దానిని దాచువారు మన యూళ్లలో పెక్కండ్రు.