కొన్న కలము, చెప్పిన ధర

మనుష్యునకు లేనిదే గడవని వస్తువులు కొన్ని గలవు. ఇతరుల కంటికొఱకే కొనునవి మఱికొన్ని గలవు. ఈ రెంటి నడుమ మూడవ తెగ యొకటి యున్నది. అది లేకున్నను దినము గడచును; ఉన్నచో కొంచెము ఇంపుగా గడచును. మన పెద్దలు దీనిని ముచ్చట యనిరి. తాంబూలప్రియుడు పదునైన అడకత్తెర కొనును. భజన చేయువాడు చక్కగా మ్రోగు కంచు తాళములు కొనును. ఇట్లు కొన్నదానిని అదే అభిరుచి గలవారికి చూపి, మంచిచెడ్డలు ముచ్చటించుకొనుట యను ఆచారమును గూర్చి నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇంకు పెన్నును ఉదాహరణముగా గైకొనుచున్నాను. ఏలయన ఆ ముచ్చట నాకును గలదు. మా ఏన్కూరులో మఱి నలుగురకును గలదు.

కొన్నది చూపుకొనుట పట్టణవాసుల చాపల్యమని తలపవలదు. సంతనుండి క్రొత్త యెడ్ల జత వచ్చిననాడు వాకిట ఎందరు గుమిగూడుదురో మీ రెఱుగుదురు. ఒకడు పెదవి యెత్తి పండ్లు లెక్కించును. ఒకడు సుడులు వెదకును. ఒకడు గిట్ట తట్టి చూచును. నాలుగడుగులు నడిపించి, ఎడమదానికి మూపు చాలదని ఒక వృద్ధుడు తేల్చిచెప్పును. కొన్నవాడు చిన్నబుచ్చుకొనక వినును. ప్రక్కన నిలుచున్న కుఱ్ఱవాడు కూడ వినును. మఱుసటి యేడు సంతలో వాడు మోసపోడు. కనుక ఆనాడు వాకిట జరిగినది వట్టి వేడుక గాదు, పాఠము. ఒక్క భేదము మాత్రము గలదు. సంతలో దళారి కండువా క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడును. ధర మూడవవానికి తెలియదు. ముచ్చట గలవారి నడుమ అట్టి కండువా ఉండరాదు. ఈ మాట యెందుకు చెప్పుచున్నానో ముందు వివరింతును.

కలముల ముచ్చట తెలుగువారికి పరాయిది గాదు. మన భద్రాచలము చెంత సాగు గోదావరి పాపికొండలు దాటి రాజమహేంద్రవరము చేరును. ఆ పట్టణమున కోసూరి వెంకటరత్నముగారు 1932లో చేతితో ఇంకు పెన్నులు చేయుట ఆరంభించిరి. అంతకు మునుపు 1921లో గాంధీ మహాత్ముడు, గుండుసూది మొదలు కలము వఱకు ఏదైన నొక నిత్యోపయోగ వస్తువును స్వదేశమున చేయుడని ఆయనకు బోధించిరని చెప్పుదురు. పిమ్మట జె. సి. కుమారప్పగారి ద్వారా రత్నముగారి కలము మహాత్మునకు చేరెను. 1935 జూలై 16న ఆయన దానిని గూర్చి లేఖ వ్రాసిరి. తాను వాడి చూచితినని, అంగళ్లలో కనబడు విదేశీ కలములకు బదులుగా వాడదగినట్లున్నదని దాని సారాంశము. ఆ లేఖలో ఆర్భాటము లేదు. వాడిన తరువాతనే అభిప్రాయము చెప్పుట, చెప్పినదానిని కొలతగా చెప్పుట, చేసినవానికే నేరుగా చెప్పుట, ఈ మూడును అందు గలవు. ఒక వస్తువును గూర్చి పదిమందితో ముచ్చటించువాడు నేర్వవలసిన పద్ధతి యంతయు అంతలోనే యున్నది.

రాజమహేంద్రవరముననే 1946లో గైడరు కలములు పుట్టెను. హైదరాబాదులో దక్కను పెన్ స్టోర్సు 1928 నాటిది. తరువాత బాలు పెన్ను వచ్చెను. హంగేరీ దేశీయుడగు బీరో 1938లో దానికి హక్కుపత్రము పొందెను. 1945లో అమెరికా అంగళ్లలో అమ్మకమునకు వచ్చెను. కొన్ని దశాబ్దములకు మన బడిపిల్లల జేబులలో చేరెను. కడుగుట లేదు, నింపుట లేదు, అయిపోయిన పాఱవేయవచ్చును. లోకమంతయు దానివైపు మొగ్గినను, చేతితో కలము చేయు పని పూర్తిగా అంతరింపలేదు. కలము ప్రియులు ఒకరి కొకరు చెప్పుకొని, చూపుకొని, వెదకి కొనుట దానికి ముఖ్యకారణములలో నొకటి.

ఒక కలములో అంతగా చూడవలసినది ఏమున్నదని మీరు అడుగవచ్చును. ముందు ఒడలు చూడుడు. చేతిపని కలములు పెక్కు ఎబొనైటుతో చేయుదురు. రబ్బరులో గంధకమును హెచ్చుగా కలిపి చాలసేపు వేడి చేసినచో కఱ్ఱవలె గట్టిపడును, అదియే ఎబొనైటు. నల్లచేవ కఱ్ఱను ఇంగ్లీషువారు ఎబొనీ యందురు. దానిని పోలుటచే ఈ పేరు వచ్చెను. వేసవిలో బీడీలకై మన అడవులలో తునికాకు కోయుదురు గదా, ఆ తునికి చెట్టు ఎబొనీ జాతిలోనిదే. ముదిరిన తునికిమ్రాని నడిమి చేవ నల్లగా నుండుట మన వడ్రంగు లెఱుగుదురు. ఎబొనైటు కడ్డీని తరిమెనకు బిగించి, తొలిచి, మరలు కోసి, నునుపు చేయుదురు. అది లోహమువలె చేతికి చల్లగా తగులదు. గట్టిగా రుద్దినచో గంధకపు వాసన కొంచెము వచ్చును. ఎండకును తడికిని విడిచినచో నలుపు మాసి గోధుమవన్నె కెక్కును.

తరువాత పాళీ. దాని మొన యందు ఇరిడియము జాతికి చెందిన గట్టి లోహపు బిందువు అతికియుండును. ఏండ్లకొలది వ్రాసినను అరుగకుండుట దానివలననే. ఆ మొనను రెండుగా చీల్చిన సన్నని చీలికలో సిరా దిగును. పాళీ క్రింద నాలుక యుండును. కలముయొక్క మర్మమంతయు ఈ నాలుకలో గలదు. నిండు కూజాను తలక్రిందు చేసిన నీరు సమముగా రాదు. గాలి లోనికి పోయినకొలది గుడగుడమని ఆగి ఆగి వచ్చును. మొదటి కలములలో సిరాయు నట్లే వచ్చి కాగితముపై మచ్చలు పడుచుండెను. 1884లో అమెరికాలో వాటర్‌మన్ అను నతడు నాలుకలో సన్నని గాడులు కోసి, సిరా వెలికి వచ్చుటకును గాలి లోనికి పోవుటకును త్రోవ గల్పించి హక్కు పొందెను. దీపపు వత్తి నూనెను పీల్చునట్లు ఆ సన్నని గాడులు సిరాను పట్టి తెచ్చును. వ్రాసినంతయే దిగును, వ్రాయనిచో నిలుచును.

ఈ విషయములను అంగడి బల్లమీద ఒక నిమిషము చూచి కనిపెట్టుట కష్టము. ఒక కలము మంచి కాగితముపై జారును. లెక్కల పుస్తకపు గరుకు కాగితముపై గీచుకొనును. ఒకటి ఇంగ్లీషు అక్షరములకు చాలును. మన లిపికి చాలదు. మన అక్షరములందు సుడులు, తలకట్లు హెచ్చు. మేము క్రొత్త కలముతో మొదట శ్రీరామ యని వ్రాయుదుము. భద్రాద్రి ప్రాంతమున అది సహజమే గదా. అందలి క్రావడి త్రిప్పునపుడు పాళీలో లోపమున్నచో చెవికే తెలియును. ఒకడు కొన్న కలము నలుగురి చేతులలో తిరిగినచో నాలుగు విధముల పరీక్ష జరుగును. ఒక్కని ఖర్చుతో అయిదుగురకు తెలివి కలుగును.

మా పద్ధతి చెప్పెదను. అమావాస్యనాడు మా వైపు అరకలు కట్టరు. ఆ సాయంకాలము విశ్రాంత ఉపాధ్యాయులగు మాస్టారి అరుగుమీద అయిదుగురమును చేరుదుము. ఆ నెల ఏమియు కొననివారు ముందు మాటలాడుదురు, కొన్నవారు పిమ్మట. పాతదానిని బాగుచేయించుకొనుటయు కొనుటతో సమానమైన వార్తయే. వస్తువు చూపినవాడు ధర చెప్పవలయును, ఏ సొమ్ముతో కొనెనో చెప్పవలయును, ఒక లోపమైనను తానే చెప్పవలయును. కోరినవారికి వారము దినములు వాడనీయవలయును.

ఈ కట్టుబాట్లు ఊరక పుట్టలేదు. మాలో ఒక మిరపరైతు గలడు. ఖమ్మము మార్కెట్టున కాయ ధర పడిపోయిన యొక యేట ఆయన పండ్రెండువందల రూపాయల కలము కొనెను. రెండు నెలలు మా కెవరికిని చూపలేదు. ఇంట మాత్రము మాస్టా రిచ్చిరని చెప్పెను. ఒకనాడు ఆయన ఇల్లాలు మాస్టారితో, “మీ రిచ్చిన పెన్ను ఆయన కండ్ల కద్దుకొని దాచుకొన్నారండీ” అనెను. మాస్టారికి ఏమి చెప్పుటకును తోచలేదు. ఆ మౌనముతోనే ఆమెకు సంగతి తెలిసిపోయెను. ఆమె ఆ యేడు సొమ్ము చాలదని కండ్లద్దాలు మానుకొని, బియ్యములో రాళ్లు చేతితో తడవి ఏఱుకొనుచుండెను. పండ్రెండువందలకు ఆమె అంతగా నొచ్చుకొనలేదు. తనకు చెప్పకపోవుట ఆమెను నొప్పించెను.

మఱుసటి అమావాస్యకు ఆయనయే ఈ సంగతి మాకు చెప్పెను. తలకొంత వేసికొందుమనగా ఒప్పుకొనలేదు. మాలో ఒకరు ఆ కలమును కొన్న ధరకే గైకొనిరి, అద్దాలు వచ్చెను. తరువాత రెండేండ్లు ఆయన క్రొత్త కలము కొనలేదు. అయినను ప్రతి అమావాస్యకు వచ్చుచు, మా కలములతో వ్రాసి చూచి లోపములు చెప్పుచునే యుండెను. పాళీని చేతిలోనికి తీసికొనగనే దాని రెండు చీలికలలో ఏది క్రిందికి దిగినదో ఆయనవలె చెప్పగలవాడు మాలో మఱొకడు లేడు. కొనువాడే రసికుడనుకొనుట పొరపాటని మాకు ఆయనవలన తెలిసెను. ఇంట తెలియని వస్తువు అరుగుమీదికి రారాదను నియమమును నాడే చేసికొంటిమి.

ఈ ముచ్చట లోకమంతట గలదు. 2012 మొదలుకొని ఏటేట నవంబరు నెల మొదటి శుక్రవారమును కలముల దినముగా పలుదేశములవారు జరుపుకొనుచున్నారు. ఆనాడు వేలకొలది జనులు తమ కలములను, సిరాలను ఒకరి కొకరు చూపుకొందురు. ఇందు మేలును గలదు, కీడును గలదు. మారుమూలనున్న చేతిపనివాని పేరు సముద్రము దాటుట మేలు. పరుని చేత చూచినదెల్ల తనకును కావలయునని వగచుట కీడు. నేను ఒక చిన్న గుర్తు పెట్టుకొంటిని. ఇతరుని వస్తువు చూచి ఇంటికి వచ్చునపుడు నాకు క్రొత్తగా తెలిసిన దేమైన నున్నదా యని ప్రశ్నించుకొందును. తెలిసినది లేక కోరిక మాత్రమే మిగిలినచో, ఆ నెల ఏమియు కొనను.

మీలో ఎవరికైన ఇంకు పెన్నుపై మనసు గలిగినచో నూఱు రూపాయల లోపు బడిపిల్లల కలముతో మొదలిడుడు. చేతిపని ఎబొనైటు కలము తఱచుగా వేయి దాటును. చేయి కుదిరిన తరువాత దానిని చూచుకొనవచ్చును. బొమ్మలు గీయు చిక్కని నల్లసిరా పోయకుడు. అందు లక్క యుండుటచే నాలుక గాడులు పూడిపోవును. కడుగునపుడు చల్లని నీరే చాలును. వేడినీరు ఎబొనైటు వన్నె చెఱచును. గొట్టమునకు ఫిల్లరుతో సిరా పోయు కలమైనచో, అడుగంటువఱకు వ్రాయక ముందే నింపుడు. సిరా తగ్గినకొలది గొట్టములో గాలి హెచ్చును. అరచేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను త్రోయగా కాగితముపై మచ్చ పడును.

కలముపై మనసు లేనివారికి అడకత్తెర యుండవచ్చును, తాళము లుండవచ్చును, దూరదేశపు మామిడి అంటు ఉండవచ్చును. వయసు మళ్లినవాడు చిన్న ముచ్చట తీర్చుకొనుటలో తప్పు లేదు. అయితే ముందు ఇంట చెప్పుడు. తరువాత తెలిసినవారి నడుమ దానిని బయట పెట్టుడు. ధరయు లోపమును దాచకుడు. చేసినవానికి దాని గుణము వ్రాసి పంపుడు. ఆతని కది మఱుసటి పనికి ఉపకరించును. పిమ్మట ఒక వారము దానిని పొరుగువాని చేత నుంచుడు.