రహదారిపై ధాన్యము, చీకటిలో బండి

పంట చేతికి వచ్చు దినములలో మన రహదారులను చూచువారికి అవి బాటలో కళ్లములో తెలియరాదు. ఒక ప్రక్క వడ్లు, ఒక ప్రక్క మొక్కజొన్నలు ఎండుచుండును. నడుమ మిగిలిన సందులో లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లు, ఎడ్లబండ్లు, గొఱ్ఱెల మందలు పోవుచుండును.

కొనుగోలు కేంద్రములలో వడ్ల తేమ నూటికి 17 పాళ్లకు మించరాదను నియమము కలదు. యంత్రముతో కోసిన ధాన్యము పచ్చిగా నుండును. ఊరి కళ్లములా, చాలచోట్ల మాయమైనవి. కావున రైతు రహదారి నెక్కుచున్నాడు. ఆ యిబ్బందిని మే మెఱుగుదుము. అయినను సాయంకాలము కుప్పచేసి, నల్లని పట్టా కప్పి, చుట్టును రాళ్లు పేర్చి ఇంటికి పోవుటను మాత్రము సమర్థింపజాలము. రాత్రివేళ నల్లని తారుపై నల్లని పట్టా ఎవరికి గనబడును? దానిపై బడువాడు తఱచుగా పొరుగూరి రైతుబిడ్డయే. అనుమతిలేక జాతీయ రహదారి స్థలము నాక్రమించుట 2002వ సంవత్సరపు చట్టమునకును విరుద్ధము.

ఇక బండ్ల మాట. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు సెకనుకు 22 మీటర్లు గడచును. ముందున్నదానిని గుర్తించి బ్రేకుపై కాలు మోపుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, అప్పటికే 33 మీటర్లు దాటును; నిలుచుటకు మఱి దాదాపు అంత దూరము కావలయును. మన ట్రాక్టరు ట్రక్కులు కొన్నిటికి వెనుక దీపములే లేవు. ఉన్నవానికి తీగ తగిలింపరు. తగిలించినను వ్రేలాడు వరిగడ్డి వానిని కప్పివేయును.

దీనికి గొప్ప వ్యయ మక్కఱలేదు. జనులు రేడియము స్టిక్కరని పిలుచు మెఱయు పట్టీ చాలును. (అందు రేడియ మణుమాత్రమును లేదు, పేరు మాత్రము నిలిచినది.) ట్రక్కునకును ఎడ్లబండికిని వెనుక ఎఱ్ఱనిది, ముందు తెల్లనిది అంటింపవలెను. బురదపడినచో తుడువవలెను, మురికిపట్టిన పట్టీ లేనిదానితో సమానము. ఎరువులవలెనే దీనిని సంఘము మొత్తముగా తెప్పించి సభ్యుల కీయవచ్చును. గోదాము ఆవరణమును కోతల కాలమున ఆరబోతకు వంతులవారిగా నిచ్చుట మఱియు మేలు.

వచ్చు కోతలకు ముందు జరుగు సభలో ఈ రెండు విషయములను చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. జాతీయ రహదారిపై ప్రమాదము జరిగినచో 1033కు గాని, ఎచ్చటనైనను 108కి గాని ఫోను చేయునది.