ఈఎఫ్ఎస్ సర్టిఫికెట్

విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక, ఈఎఫ్ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన పాత ఫైల్ పేరు కనిపిస్తుంది. నొక్కితే మాత్రం ‘యాక్సెస్ డినైడ్’. విండోస్ 2000తో వచ్చిన ఎన్‌క్రిప్టింగ్ ఫైల్ సిస్టమే ఈఎఫ్ఎస్. ఇది ఫైల్‌ను ఒక కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ కీని యూజర్ సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీతో మూసేస్తుంది. విప్పాలంటే దాని జోడీ ప్రైవేట్ కీ కావాలి. అదేమో పాత ప్రొఫైల్‌లో, పాస్‌వర్డ్ చాటున ఉంటుంది. అందుకే కొత్త ఖాతాకు పాత పేరే పెట్టినా, ఫైల్ ఓనర్‌షిప్ మార్చుకున్నా లాభం సున్నా.

సర్టిఫికెట్‌ను, ప్రైవేట్ కీని కలిపి దాచిన పీఎఫ్ఎక్స్ బ్యాకప్ ఫైల్ ఉంటే ఇంపోర్ట్ చేస్తే చాలు. ఆఫీసుల్లో ముందే నియమించిన రికవరీ ఏజెంట్ విప్పగలరు. విండోస్ 2000లో డిఫాల్ట్‌గా అడ్మినిస్ట్రేటరే ఆ ఏజెంట్. విండోస్ ఎక్స్‌పీతో ఇంటి కంప్యూటర్లకు ఆ ఆసరా పోయింది. ఇవేవీ లేకుంటే పాత ప్రొఫైల్ ఫోల్డర్, పాత పాస్‌వర్డ్ రెండూ మిగిలితేనే ఆశ. డిస్క్ ఫార్మాట్ అయి కీ చెరిగిపోతే, ‘గ్యారంటీగా తెరుస్తాం’ అనే సాఫ్ట్‌వేర్‌కు కట్టే డబ్బు కూడా దండగే.