సంవిధాన్ (టెలివిజన్ ధారావాహిక)

సంవిధాన్ భారత రాజ్యాంగ రచనను కథావస్తువుగా తీసుకొని నిర్మించబడిన చారిత్రక టెలివిజన్ ధారావాహిక. దీనికి శ్యాం బెనెగళ్ దర్శకత్వం వహించాడు. రాజ్యసభ టీవీ దీనిని 2014 మార్చి 2 నుండి 10 భాగాలుగా ప్రసారం చేసింది. షమా జైదీ, అతుల్ తివారీ రచయితలు. నటి స్వరా భాస్కర్ వ్యాఖ్యాతగా కనిపిస్తూ, ఒక్కొక్క ఘట్టానికి గల నేపథ్యాన్ని వివరిస్తుంది. యుద్ధాలు గానీ, రాజుల వైభవం గానీ లేకుండా, ఒక సభలో జరిగిన వాదోపవాదాలనే నాటకీయంగా చూపడం ఈ ధారావాహిక ప్రత్యేకత.

దర్శకుడు

శ్యాం బెనెగళ్ 1934 డిసెంబరు 14న హైదరాబాదు సమీపంలోని తిరుమలగిరిలో జన్మించాడు. నిజాం కళాశాలలో చదువుకున్నాడు. ఆయన తొలి కథాచిత్రం 'అంకుర్' (1974), తరువాతి చిత్రం 'నిశాంత్' (1975) తెలంగాణ పల్లె జీవితాన్ని చిత్రించాయి. 1978లో తెలుగులో 'అనుగ్రహం' తీశాడు. జవహర్‌లాల్ నెహ్రూ రచించిన 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' ఆధారంగా దూరదర్శన్ కొరకు 53 భాగాల 'భారత్ ఏక్ ఖోజ్' (1988-89) నిర్మించాడు. 2005వ సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందాడు. 2006 నుండి 2012 వరకు రాజ్యసభ సభ్యునిగా ఉన్నాడు. 2024 డిసెంబరు 23న మరణించాడు.

నటవర్గం

- డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్: సచిన్ ఖేడేకర్
- జవహర్‌లాల్ నెహ్రూ: దలీప్ తాహిల్
- మహాత్మా గాంధీ: నీరజ్ కాబి
- మౌలానా అబుల్ కలాం ఆజాద్: టామ్ ఆల్టర్
- మహమ్మదాలీ జిన్నా: నరేంద్ర ఝా

సచిన్ ఖేడేకర్ ఇదివరలో బెనెగళ్ దర్శకత్వంలోనే సుభాష్ చంద్రబోసు పాత్రను కూడా ధరించాడు.

చారిత్రక నేపథ్యం

రాజ్యాంగ సభ తొలి సమావేశం 1946 డిసెంబరు 9న ఢిల్లీలో జరిగింది. ముస్లిం లీగు సభ్యులు హాజరు కాలేదు. డిసెంబరు 11న బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షునిగా ఎన్నికయ్యాడు. డిసెంబరు 13న నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానాన్ని 1947 జనవరి 22న సభ ఆమోదించింది. 1947 ఆగస్టు 29న అంబేద్కర్ సభ్యునిగా ముసాయిదా సంఘం ఏర్పడింది. ఆ సంఘం ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకున్నది. ముసాయిదాపై 7,635 సవరణలు ప్రతిపాదించబడగా, 2,473 సవరణలు సభలో చర్చకు వచ్చాయి. 11 సమావేశాలలో మొత్తం 165 రోజులు సభ కొలువుదీరింది. 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొంది, 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది.

మూలాధారం

ఈ ధారావాహికకు ముఖ్యమైన ఆధారం రాజ్యాంగ సభ చర్చల నివేదికలు. సభలో సభ్యులు మాట్లాడిన ప్రతి మాటను లేఖకులు నమోదు చేశారు. ఈ నివేదికలు 12 సంపుటాలుగా ముద్రించబడ్డాయి.

ఈ విషయం ఎంత ముఖ్యమైనదో మరొక దేశంతో పోల్చి చూస్తే అర్థమవుతుంది. అమెరికాలో 2008లో హెచ్.బి.ఓ. సంస్థ 'జాన్ ఆడమ్స్' పేరుతో 7 భాగాల చారిత్రక ధారావాహికను ప్రసారం చేసింది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై జరిగిన చర్చ అందులో ప్రధాన ఘట్టం. కానీ ఆ చర్చ తలుపులు మూసిన గదిలో జరిగింది. అధికారిక పుస్తకాలలో తీర్మానాలే గాని ప్రసంగాలు నమోదు కాలేదు. కనుక అటువంటి ఘట్టాలలో రచయితలు ఉత్తరాల మీద, తరువాతి జ్ఞాపకాల మీద, తమ ఊహ మీద ఆధారపడక తప్పదు. భారత రాజ్యాంగ సభ విషయంలో ఆ కొరత లేదు. తెరపై విన్న వాదన నిజంగా జరిగినదా, అన్నవారు ఎవరు, దానికి సమాధానం ఏమి వచ్చింది అన్నది విద్యార్థి స్వయంగా సరిచూసుకోవచ్చును.

చూసేటప్పుడు గమనించవలసినవి

ఆధారం గట్టిదైనంత మాత్రాన నాటకం చరిత్ర కాజాలదు. ప్రేక్షకులు ఈ క్రింది అంశాలను గుర్తుంచుకొనుట మంచిది.

- సంక్షిప్తత: 165 రోజుల చర్చ 10 భాగాలకు కుదించబడినది. వారాల తరబడి సాగిన వాదన కొద్ది నిమిషాలలో ముగిసినట్లు తోచవచ్చును.
- భాష: సభలో అధికభాగం చర్చ ఆంగ్లంలో సాగింది. తెరపై హిందీలో వినిపించే ప్రసంగం చాలా సందర్భాలలో అనువాదమే.
- సభ వెలుపలి వ్యక్తులు: గాంధీ ధారావాహికలో కనిపించినా, ఆయన రాజ్యాంగ సభ సభ్యుడు కాదు. రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నర్సింగరావు కూడా సభ్యుడు కాదు. అయినప్పటికీ తొలి ముసాయిదా సిద్ధం చేసినది ఆయనే.
- ప్రైవేటు సంభాషణలు: సభలో మాటలకు లిఖిత ఆధారం ఉన్నది. ఇళ్లలో, వరండాలలో నాయకులు మాట్లాడుకున్న మాటలకు అట్టి ఆధారం లేదు. వాటిని రచయిత కల్పనగానే భావించవలెను.
- ముఖ్యపాత్రలు: విభజన తరువాత సభ సభ్యుల సంఖ్య 299. నాటకంలో కొద్దిమందే ముందుకు వస్తారు. మిగిలినవారు ఏమీ చేయలేదని అనుకోరాదు.

తెలుగు సభ్యులు

చివరి అంశం తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. మద్రాసు రాష్ట్రం నుండి టంగుటూరి ప్రకాశం, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, దుర్గాబాయి, మాడభూషి అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి, కళా వెంకటరావు, మోటూరి సత్యనారాయణ మొదలైనవారు సభ్యులు. నెల్లూరు జిల్లాలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముసాయిదా సంఘంలో తొలి నుండి సభ్యుడు. బి.ఎల్. మిత్తర్ స్థానంలో న్యాపతి మాధవరావు ఆ సంఘంలో చేరాడు. లక్ష్యాల తీర్మానంపై చర్చలో రంగా, ఈ దేశంలో నిజమైన అల్పసంఖ్యాకులు పీడితులైన సామాన్య ప్రజలేనని వాదించాడు. ఆయన 1967లో శ్రీకాకుళం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఉత్తరాంధ్రకు చెందిన సభ్యుడు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు. జస్టిస్ పార్టీ నాయకుడైన ఈయన 1930లలో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేసి, 1937 ఎన్నికలలో బొబ్బిలిలో వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. తరువాత అదే కాంగ్రెసు ఆధిక్యం గల రాజ్యాంగ సభలో సభ్యునిగా కూర్చున్నాడు. ప్రత్యర్థి పక్షాలవారికి కూడా ఆ సభలో చోటు దొరికినదని చెప్పడానికి ఇది ఒక నిదర్శనం.

సామాన్యునికి కలిగిన మార్పు

ఈ చర్చలు సామాన్యునికి ఏమి ఇచ్చాయో తెలియడానికి ఒక తీరగ్రామాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చును. నేటి శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలోను, ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలోను ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, అనగా రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాతనే ఏర్పడింది. 1935 చట్టం క్రింద ఓటు హక్కు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలపై ఆధారపడి ఉండేది. భూమి, చదువు లేని మత్స్యకారునికి ఆ హక్కు అందని ద్రాక్ష. రాజ్యాంగ సభకు కూడా సభ్యులను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకున్నాయి. అట్టి పరిమిత ఓటుతో ఏర్పడిన సభయే, 326వ అధికరణం ద్వారా 21 ఏళ్లు నిండిన ప్రతి స్త్రీకి, పురుషునికి ఓటు హక్కు కల్పించింది. వలలు లాగే మత్స్యకారుడు, చేపల తట్ట మోసే అతని భార్య, బొబ్బిలి రాజా 1951-52 ఎన్నికల నాటికి సమాన విలువ గల ఓటర్లు అయ్యారు. (ఓటు వయస్సు 1989లో 18కి తగ్గించబడినది.)

అన్ని కోరికలూ నెరవేరలేదు. భాషా ప్రయుక్త రాష్ట్రాల ప్రశ్నపై 1948లో నియమించబడిన థార్ కమిషన్ ప్రతికూలంగా నివేదిక ఇచ్చింది. ఆంధ్ర రాష్ట్రం పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ (1952 డిసెంబరు 15) తరువాత 1953 అక్టోబరు 1న గాని ఏర్పడలేదు.

అంబేద్కర్ హెచ్చరిక

1949 నవంబరు 25న అంబేద్కర్ చేసిన ముగింపు ప్రసంగం సభా చరిత్రలో ప్రముఖమైనది. ముసాయిదా ఘనత తనకు ఒక్కనికే చెందదని చెప్పి, నర్సింగరావుకు, ముసాయిదా లేఖకుడు ఎస్.ఎన్. ముఖర్జీకి ఆయన కృతజ్ఞతలు తెలిపాడు. జనవరి 26 నుండి రాజకీయాలలో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం కలిసి ఉండబోతున్నాయనీ, ఆ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోవాలనీ హెచ్చరించాడు. మతంలో భక్తి మోక్షమార్గం కావచ్చును గాని, రాజకీయాలలో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి తీస్తుందని కూడా ఆయన అన్నాడు.

జాతి నిర్మాతలను గురించిన ఏ ధారావాహికను చూసేవారికైనా ఈ మాట వర్తిస్తుంది. సంవిధాన్ పాత్రలు పరస్పరం విభేదిస్తాయి, పట్టుబడతాయి, ఒక్కొక్కసారి ఓడిపోతాయి. వారిని దేవతలుగా కాక, వాదించి ఒక ఒప్పందానికి వచ్చిన మనుషులుగా చూడడమే ఈ ధారావాహికను సరిగా చూడడం.

ప్రసారానంతరం

రాజ్యసభ టీవీ, లోక్‌సభ టీవీలు 2021లో విలీనమై సంసద్ టీవీగా మారాయి. రాజ్యాంగ సభ చర్చల పూర్తి పాఠం అంతర్జాలంలో లభ్యమవుతున్నది. ఒక్కొక్క భాగం చూసిన తరువాత, ఆ ఘట్టానికి సంబంధించిన చర్చను తేదీ ప్రకారం వెదికి చదివినచో, నాటకానికి, చరిత్రకు గల తేడా విద్యార్థికి స్వయంగా బోధపడుతుంది.