పదో గుట్టు

మా చిన్నప్పుడు మా నాయనమ్మ వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతూ వుండేది. మనిషన్నవాడు పైకి చెప్పకూడనివి తొమ్మిది వున్నాయిట: వయస్సు, డబ్బు, ఇంటిగుట్టు, మంత్రం, మందు, దాంపత్యం, దానం, మానం, అవమానం. మధ్యలో ఒకదాన్ని మాత్రం గబగబా దాటేసేది. ఆ పాత నీతినే తర్వాత నేను కాలేజీలో పాఠంగా చెప్పాను. చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

యీ మధ్య నవ్వడం మానేశాను. ఎందుకంటారా? చిత్తగించండి.

మా బాబాయిగారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఒక్కనాడు ఆలస్యంగా బడికి వెళ్ళి ఎరగరు. రోడ్డుమీద పురుగు లేకపోయినా సరే, ఎర్రదీపం దగ్గిర స్కూటరు ఆపి నిలబడతారు. అల్లాంటి మనిషికి ఒకనాడు పొద్దున్నే వాట్సాప్‌లో కబురొచ్చింది. ఆయన బండి నిబంధనలు అతిక్రమించిందిట, చలానా యిందులో చూసుకోవాలిట. పైన పోలీసు ముద్ర, కింద ఓ ఫైలు.

బాబాయిగారికి కోపం వచ్చింది. కోపానికన్నా ముందు సిగ్గు వచ్చింది. పిన్ని కంటబడకుండా వరండాలోకి వెళ్ళి ఆ ఫైలు నొక్కారు. ఇది తెలియని చోటునుంచి వచ్చింది సుమా అని పాపం ఫోను హెచ్చరించనే హెచ్చరించింది. అయినా నొక్కారు. మెసేజీలు చదవడానికి అనుమతి అడిగితే యిచ్చారు. జరిమానా కట్టడానికి కార్డు వివరాలు అడిగితే అవీ యిచ్చారు. ఐదువందలు పోతే పోయాయి, పరువు దక్కిందనుకుని కాఫీ తాగారు. మధ్యాహ్నానికల్లా ఖాతాలోంచి మూడు విడతలుగా 48 వేల రూపాయలు వెళ్ళిపోయాయి.

అసలు జరిగిందేమిటంటే, ఆ వచ్చింది చలానా కాదు. ఫైలు పేరు చివర 'డాట్ ఏపీకే' అని వుంది. ఆండ్రాయిడ్ ఫోనులో కొత్త యాప్‌ని తెచ్చి కూచోబెట్టే ఫైలుకి అది గుర్తు. చలానా అయినా, పెళ్ళి శుభలేఖ అయినా, బ్యాంకు నోటీసు అయినా చదువుకునే కాగితమే గాని యాప్ కానక్కర్లేదు గదా! బాబాయిగారు ఓటీపీ ఎవ్వరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమే లేకపోయింది. ఫోనులో చేరిన ఆ యాపే మెసేజీలు చదివి దొంగకి చేరవేసింది. అంచేత 'ఓటీపీ చెప్పకండి' అనే నీతి ఒక్కటే యీ రోజుల్లో చాలదు.

ఇంతవరకూ జరిగింది దొంగ పని. తర్వాత జరిగింది మన నీతి చేసిన పని. డబ్బు పోయిందని ఒంటిగంటకే ఆయనకి తెలుసు. అయినా పిన్నితో చెప్పలేదు, బ్యాంకుకి చెప్పలేదు. ఊళ్ళో పిల్లలందరికీ బుద్ధులు చెప్పినవాడు యింత తెలివితక్కువ పని చేశాడంటే నవ్విపోరూ? తొమ్మిదోది అవమానం. దాన్ని దాచారు. మర్నాడు సాయంత్రం "ఒరే, ఛందస్సులో ఓ సందేహం వుందిరా" అని నన్ను పిలిపించి, గంటసేపు యతి, ప్రాసలు మాట్లాడి, అప్పుడు తలుపు దగ్గిరగా వేసి చెప్పారు.

వెంటనే 1930కి ఫోను చేశాను. దేశమంతటికీ సైబరు మోసాల ఫిర్యాదులకి అదే నంబరు. అవతలివారు మొట్టమొదట అడిగింది, ఎప్పుడు జరిగిందని. నిన్న అన్నాను. ఆ రెండక్షరాలు ఎంత ఖరీదైనవో తర్వాత తెలిసింది. దొంగిలించిన డబ్బు ఒక ఖాతాలో నిలవదు, ఒకదాన్నించి యింకోదానికి పరుగెత్తుతూ వుంటుంది. ఫిర్యాదు అందగానే బ్యాంకులకి కబురు వెళ్ళి, అది ఏ ఖాతాలో వుంటే అక్కడ నిలిపివేస్తారు. తొలి గంటల్లో చెబితే దొరికే అవకాశం ఎక్కువ. మాకు 6 వేలు మాత్రం ఆగాయి. 2017లో రిజర్వుబ్యాంకు యిచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు పొరపాటువల్ల జరిగిన మోసంలోకూడా, బ్యాంకుకి తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అంటే చెప్పడంలో ప్రతి నిమిషానికీ విలువ వుందన్నమాట.

నాయనమ్మ జాబితాలో మిగిలినవి మాత్రం నేటికీ నిక్కమే. వయస్సు చూడండి: పుట్టినరోజు పండుగ ఫేస్‌బుక్‌లో నలుగురికీ చూపించి, ఆ తేదీనే పిన్ నంబరుగా పెట్టుకుంటాం. ఇంటిగుట్టు చూడండి: కొండమీంచి ఫోటోలు పంపి, వారందాకా ఇంటికి తాళమేనని దొంగకి మనమే చాటుతాం. ఆధార్ ప్రతి యివ్వవలసివస్తే, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలినచోట అదే యివ్వండి. యూపీఐలో మనకి డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కర్లేదు. నొక్కమన్నారంటే పోతున్నది మన డబ్బే. వీడియోలో పోలీసు దుస్తులతో కనబడి 'డిజిటల్ అరెస్టు' అని బెదిరిస్తే ఫోను పెట్టెయ్యండి. చట్టంలో అల్లాంటిది లేదని 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రే చెప్పారు.

ఏపీకే నొక్కేసినట్టు తెలిస్తే ముందు ఫోనుకి ఇంటర్నెట్ ఆపండి. ఇంకొకరి ఫోనునుంచి బ్యాంకుకీ, 1930కీ చెప్పండి. ఆ యాప్ తీసివేయించిన తర్వాతే, వేరే ఫోనులోనో కంప్యూటరులోనో పాస్‌వర్డులు మార్చండి.

ఆ రాత్రి పిన్నికి చెప్పక తప్పలేదు. ఆవిడ డబ్బు మాట ఎత్తలేదు. "పక్కనే వున్నాను గదరా, రాత్రంతా నిద్రపోకుండా దొర్లుతూంటే గ్యాస్ అనుకుని వాముకషాయం యిచ్చాను" అని కళ్ళొత్తుకుంది. బాబాయిగారు తల వంచుకుని కూచున్నారు. ఆయన అల్లా కూచోగా నేనెప్పుడూ చూడలేదు.

అంచేత నాయనమ్మ జాబితాకి నాదొక సవరణ. పిన్, ఓటీపీ, పాస్‌వర్డు కలిపి పదో గుట్టుగా చేర్చుకుందాం. తొమ్మిదోదాన్ని మాత్రం, మోసపోయిన రోజున, ఇంట్లోవాళ్ళ దగ్గిర దాచకుండా చెప్పేద్దాం. బాబాయిగారు చెబుతున్నారు. ఇప్పుడు గ్రంథాలయంలో పేపరు చదువుకునే పెద్దలందరికీ తన కథే మొదటినుంచీ చెబుతున్నారు. మొన్న ఒకాయన అది విని అక్కడికక్కడే ఫోను తీసి, "మాస్టారూ, నాకూ ఓ చలానా వచ్చిందండీ, ఇంకా నొక్కలేదు" అన్నారట.